ప్రాసతో సాగే వాయిస్ ఓవర్‌కు సంగీతం ఎలా కుదర్చాలి?

ప్రాస కుదిర్చి రాసిన వాయిస్ ఓవర్ ఉన్న షార్ట్ ఫిల్మ్ మీకు ఎవరైనా చూపిస్తే, కళ్ళు మూసుకుని వినండి. పాదం చివరి మాట తేటగా వినబడితే ఆ సినిమాకు సంగీతం చేసినవారికి పని తెలుసు. వినబడకపోతే తెలియదు. నేను ఇంతకు మించిన పరీక్ష పెట్టను.

అనంతపురంలో ఉంటూ ధర్మవరం, కడప, కర్నూలు తిరుగుతూ పన్నెండేళ్ళుగా చిన్న సినిమాలకు సౌండ్ పని చేస్తున్నాను. కెమెరాలు మారాయి, సాఫ్ట్‌వేర్లు మారాయి, ఈ ఒక్క తప్పు మాత్రం మారలేదు. రాసిన పిల్లవాడు రాత్రిళ్ళు కూర్చుని ఒక్కో ప్రాస కుదుర్చుకుంటాడు. సంగీతం పెట్టేవాడు నెట్‌లో దొరికిన ఒక లూప్, అంటే మళ్ళీ మళ్ళీ అదే తిరిగే సంగీతం ముక్క, తెచ్చి దాని కింద పరుస్తాడు. ఆ లూప్‌లోని డ్రమ్ దెబ్బ సరిగ్గా ప్రాస అక్షరం మీద పడి దాన్ని మింగేస్తుంది. మొన్నీమధ్య కర్నూలులో ఒక పోటీలో వరుసగా తొమ్మిది సినిమాలు చూశాను, ఏడింటిలో ఇదే తప్పు. రాసినవాళ్ళ కష్టం అలా నేలపాలు కావడం చూడలేక ఇది రాస్తున్నాను.

సామాను

ఎక్కువేమీ అక్కర్లేదు. ఒక మోస్తరు మైక్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, ఒక కంప్యూటర్. ఆడాసిటీ ఉచితం. డావిన్చి రిజాల్వ్‌కు కూడా ఉచిత వెర్షన్ ఉంది, అందులో ఫెయిర్‌లైట్ పేజీ ఒక్కటి ఈ పనికి చాలు. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోండి, వీడియోకు అదే వాడుక. గది గోడలకు బొంతలు వేలాడదీయండి, ఫ్యాన్ ఆపండి, రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టండి. మైక్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి, లేకపోతే ప, బ, భ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. చెప్పేవారు నిలబడే చెప్పాలి. కూర్చుని చెప్పిన ప్రాసలో ఊపు ఉండదు.

మొదటి మెట్టు: గొంతును ఒంటరిగా రికార్డు చేయడం

సంగీతం వినిపిస్తూ వాయిస్ ఓవర్ చెప్పించవద్దు. చాలామంది ట్రాక్ ముందే తయారుచేసి హెడ్‌ఫోన్‌లో పెట్టి "దీనికి తగ్గట్టు చెప్పు" అంటారు. అప్పుడు చెప్పేవారు పాట పాడడం మొదలుపెడతారు. మాటలోని బరువు పోయి, ప్రతి పాదం ఒకే ఎత్తులో లేచి ఒకే చోట దిగుతుంది. బాలశిక్ష పద్యం అప్పజెప్పినట్టు ఉంటుంది. కథ చెప్పే గొంతుకు తన సొంత నడక ఉంటుంది. సంగీతమే వచ్చి ఆ నడకను పట్టుకోవాలి.

సాధన చేసేటప్పుడు మాత్రం మెట్రోనోమ్ (సమాన వేగంతో టిక్ టిక్ అనే సాధనం) పెట్టుకుని నాలుగైదుసార్లు చెప్పించండి. తర్వాత దాన్ని ఆపేసి రికార్డు చేయండి. ఆ నడక ఒంట్లో మిగిలిపోతుంది, టిక్ టిక్ మాత్రం గొంతులోకి రాదు. కనీసం మూడు టేక్‌లు తీయండి. రెండో టేక్ బాగుంటుంది, నా అనుభవంలో ఎప్పుడూ అంతే.

రెండో మెట్టు: నడక కనిపెట్టడం

ఇక్కడ బడిలో చదువుకున్న ఛందస్సు పనికొస్తుంది. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి రెండు. సంయుక్తాక్షరం లేదా ద్విత్వం ముందున్న అక్షరానికి రెండు. సున్నా ఉన్న అక్షరానికీ, పొల్లుతో ఆగే అక్షరానికీ రెండే. ఈ లెక్కతో నాలుగు పాదాలు కాగితం మీద కట్టుకోండి. మాత్రలు మూడేసి విరుగుతున్నాయా, నాలుగేసి విరుగుతున్నాయా, అయిదా, ఏడా అన్నది బయటపడుతుంది.

"పాత బోరు నీరు లేదు, కొత్త బోరు జోరు లేదు". ఇది మూడేసి, తిశ్రం. తకిట తకిట అంటూ తట్టి చూడండి, సరిపోతుంది.

"మబ్బులు వచ్చెను వానే రాలే, చీనీ చెట్లకు పూతే రాలె". ఇది నాలుగేసి, చతురశ్రం. తకధిమి. చీనీ అంటే మా వైపు బత్తాయి.

"ఊరిలో తాతకూ ఫోనులే తోడురా". అయిదేసి, ఖండం. తక తకిట.

"కొండ దారిన బండి పోయెను, ఎండ వేళకు గుండె జారెను". మూడు, నాలుగు, మళ్ళీ మూడు, నాలుగు. ఏడు మాత్రల మిశ్రం. తకిట తకధిమి.

నెట్‌లో దొరికే లూపుల్లో నూటికి తొంభై నాలుగేసి లెక్కవే అనిపిస్తుంది నాకు. మన వాళ్ళు రాసే ప్రాస మాటలేమో చాలాసార్లు తిశ్రంలోనో మిశ్రంలోనో పడతాయి, ఎందుకంటే తెలుగు మాట సహజంగా అలా కుంటుతూ, దూకుతూ నడుస్తుంది. మిశ్రంలో రాసిన వ్యాఖ్యానం కింద నాలుగు లెక్క లూప్ పెడితే మొదటి బీటు కలుస్తుంది, రెండోది జరుగుతుంది, మూడోది మరీ జరుగుతుంది. అప్పుడు ఎడిటర్ గొంతును ముక్కలు కోసి అటూ ఇటూ నెట్టి కలపడానికి చూస్తాడు. దయచేసి అలా చేయకండి. లూప్ మార్చండి, లేదా ఆ నడకలో డక్కి వాయించగలిగిన మనిషిని వెతకండి. చెక్కభజన చేసే ఊళ్ళలో అడిగితే మిశ్రం వాయించే కుర్రవాడు దొరకకపోడు.

వ్యాఖ్యానంలో పద్యం ఉంటే సంగతి వేరు. మా వైపు వేమన పద్యం పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది. కదిరి దగ్గర కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది, ఆ అభిమానం నాకూ ఉంది. కానీ వేమన వాడిన ఆటవెలది లెక్క చూడండి. ఒకటో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. సూర్యగణానికి మూడు మాత్రలు, ఇంద్రగణానికి నాలుగో అయిదో. అంటే ఒకే పాదంలో నడక మారిపోతుంది, పద్యానికీ పద్యానికీ కూడా మారుతుంది. దాని కింద ఏ లూపూ నిలవదు. పద్యానికి తాళం వేయవద్దు, శ్రుతి ఒక్కటే పెట్టండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాల దగ్గర నుంచి పద్యనాటకంలో హార్మోనియం చేసే పని ఇదే. నటుడి గొంతు వెంట నడవడం, అతను ఆగిన చోట ఆగడం.

మూడో మెట్టు: వేగం లెక్క

రికార్డు చేసిన గొంతులో ఎనిమిది పాదాలు తీసుకోండి. మొదటి పాదం మొదటి అక్షరం నుంచి ఎనిమిదో పాదం చివరి అక్షరం దాకా ఎన్ని సెకన్లో చూడండి, మధ్యలో ఊపిరికి ఆగిన సమయం తీసేయండి, ఎనిమిదితో భాగించండి. పాదం మూడు సెకన్లు వచ్చిందనుకుందాం. పాదంలో నాలుగు బీట్లు ఉంటే బీటుకు ముప్పావు సెకను, అంటే నిమిషానికి 80 బీట్లు.

ఇప్పుడు దీన్ని ఫ్రేములకు కలపాలి. సెకనుకు 24 ఫ్రేములైతే నిమిషానికి 1440, దాన్ని బీట్ల సంఖ్యతో భాగించండి. 80కి 18 ఫ్రేములు, 72కి 20, 90కి 16, 96కి 15 వస్తాయి. 25 ఫ్రేములైతే 1500ను భాగించాలి, అప్పుడు 75కి 20, 100కి 15. ఫోన్‌లో 30 ఫ్రేములతో తీసినవాళ్ళు 1800 పెట్టుకోండి, 75కి 24, 90కి 20. భాగహారం శేషం లేకుండా తెగే వేగాన్నే ఎంచుకోండి. మీకు 79 వస్తే 80 చేయండి, 83 వస్తే కూడా 80 చేయండి. గొంతును ఆ కాస్త సాగదీసినా, కుదించినా ఎవరికీ తెలియదు, కట్‌లు మాత్రం చివరిదాకా బీటు మీద నిలుస్తాయి. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు మధ్యమధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఎడిటింగ్‌కు ముందే దాన్ని స్థిరమైన రేటుకు మార్చుకోండి. లేకపోతే మూడో నిమిషానికి పెదవులు ఒక చోట, మాట ఒక చోట ఉంటాయి.

ఊపిరికి కూడా బీట్లు లెక్క కట్టాలి. రెండు పాదాలు, అంటే ఒక జంట, చెప్పాక ఎంతసేపు ఆగాలన్నది చెప్పేవారి ఇష్టానికి వదలకండి. నా పద్ధతి నాలుగు బీట్లు. రెండు పాదాలకు ఎనిమిది, ఖాళీకి నాలుగు, మొత్తం పన్నెండు. 80 వేగంలో ఇది తొమ్మిది సెకన్లు.

లూపులు చెడిపోయే అసలు కారణం ఇక్కడే ఉంది. బజారులో దొరికే లూప్ సాధారణంగా పదహారు బీట్లు ఉంటుంది. మీ మాట పన్నెండు బీట్లకు ఒకసారి కొత్తగా మొదలవుతుంది. పదహారో బీటు దాటగానే లూప్ "ఇదిగో మళ్ళీ మొదలయ్యాను" అని గట్టిగా ఒక దెబ్బ వేస్తుంది. అప్పటికి మీ మాట రెండో జంటలో మొదటి పాదం ముగించి రెండో పాదం ఎత్తుకుంటూ ఉంటుంది. వినేవాడికి ఏదో తప్పిందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేడు. రెండూ మళ్ళీ ఒకచోట కలవాలంటే నలభై ఎనిమిది బీట్లు పోవాలి. కాబట్టి లూప్‌ను పన్నెండు బీట్లకు కోయండి, లేదా ఖాళీని ఎనిమిది బీట్లకు పెంచండి. నేను కోస్తాను.

నాలుగో మెట్టు: ప్రాస అక్షరాన్ని కాపాడడం

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. పని చెడేది ఈ మెట్టు దగ్గరే.

పైన చెప్పిన చీనీ చెట్ల పాదాలు మళ్ళీ చూడండి. "మబ్బులు వచ్చెను, వానే రాలే. చీనీ చెట్లకు పూతే రాలె." మొదటి "రాలే" అంటే రాలేదు, మా వైపు మాట. రెండో "రాలె" అంటే రాలిపోయింది. చివర ఒకచోట దీర్ఘం, ఒకచోట హ్రస్వం. రెండింటికీ తేడా ఒక్క మాత్ర. 80 వేగంలో సెకనులో అయిదో వంతు కూడా కాదు. ఆ పాదాల అర్థమంతా ఆ ఒక్క మాత్రలో ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఇలాంటి పాదాలే ఉన్న సినిమాకు నేను గొంతు రికార్డు చేసి ఇచ్చాను, సంగీతం ఇంకొకరు చేశారు. వాళ్ళు చివరి అక్షరం మీద పెద్ద డ్రమ్ ఒకటి, దాని వెనుక పొడుగాటి ప్రతిధ్వని పెట్టారు. ఆ ప్రతిధ్వనిలో హ్రస్వం దీర్ఘమైపోయింది. తాడిపత్రి దగ్గర ఒక ఊళ్ళో తెర కట్టి చూపిస్తే, చీనీ తోట ఉన్న పెద్దాయన ఒకరు లేచి అడిగారు. "పూత రానే రాలేదా సామీ, వచ్చినాక రాలిపోయిందా? రెండూ ఒకటి గాదు." ఆయన అడిగింది న్యాయం. పూత రాని తోటకూ, వచ్చిన పూత రాలిన తోటకూ చేసిన ఖర్చు వేరు, పడిన ఆశ వేరు. రాసినవాడు ఆ తేడా కోసమే ఆ మాట పెట్టాడు. ఆ రోజు నుంచి నేను గొంతు ఒక్కటే ఇచ్చి వదిలేయడం మానేశాను. సంగీతం కూర్పు కూడా నా చేతి మీదుగానే పోవాలని షరతు పెడతాను.

అందుకని నియమం ఇది. ప్రాస పదం మొదలైన క్షణం నుంచి, అది పూర్తిగా ముగిసేదాకా, ఏ వాద్యమూ కొత్త దెబ్బ వేయకూడదు. అంతకుముందు నుంచి సాగుతున్న తంబుర నాదం సాగవచ్చు. కొత్తగా ఏదీ పుట్టకూడదు. నాలుగు బీట్ల పాదంలో ప్రాస పదం నాలుగో బీటు మీద ఉంటే, ఆ నాలుగో బీటు ఖాళీ. తాళం అలవాటున్నవారికి ఇది మొదట చెయ్యి విరిచి కట్టినట్టు ఉంటుంది. అలవాటు చేసుకోవాలి.

ఆ బీటును ఖాళీగా వదిలితే సరిపోతుందని కూడా అనుకోకండి. మూడో బీటు మీద వేసిన దెబ్బ మోత నాలుగో బీటులోకి వస్తుంది. ఉరుముల వాద్యంలో మూలిగినట్టు వచ్చే ఆ నాదం నాకు చాలా ఇష్టం, కానీ అది పాదం మధ్యలో వాడవలసింది కాదు. మూడో బీటు మీద చెక్కలు వాడండి. టక్కున మోగి టక్కున ఆగుతాయి. డక్కి అయితే అరచేత్తో అదిమి ఆపమనండి. కంప్యూటర్‌లో చేసేవారు ఆ మోతను నాలుగో బీటుకు ముందే చేత్తో తగ్గించుకోవాలి.

మరి పెద్ద దెబ్బ ఎక్కడ వేయాలి? రెండో పాదం ప్రాస ముగిశాక వచ్చే ఖాళీలో, దాని మొదటి బీటు మీద. బుర్రకథ చూసినవారికి ఇది కొత్త కాదు. కథకుడు పాదం చెప్పి ముగించాకే పక్కనుండే వంతలు "తందాన తాన" అందుకుంటారు, వాళ్ళ డక్కీలు అప్పుడే గట్టిగా పలుకుతాయి. కథకుడి నోట్లో మాట ఉండగా వాళ్ళు దాని మీద పడరు. మైకులు లేని రోజుల్లో ఊరి బయట మైదానంలో వెయ్యిమందికి మాట అందాలంటే అదొక్కటే దారి. మాటకు తన చోటు, దెబ్బకు తన చోటు. మన ఊళ్ళలో ఇంత చక్కగా కుదిరిన పద్ధతి ఉండగా, హాలీవుడ్ ట్రైలర్ల నుంచి డ్రమ్ములు తెచ్చుకోవలసిన అవసరం నాకు కనబడదు.

దెబ్బను సరిగ్గా బీటు మీద కూడా పెట్టవద్దు. ఒక ఫ్రేమ్ ఆలస్యంగా పెట్టండి. ప్రాస చెవిలో స్థిరపడడానికి ఆ రవ్వంత చోటు కావాలి. సీను కట్ కూడా అక్కడే, దెబ్బతోపాటు. ప్రాస అక్షరం మీద కట్ పడితే కన్ను కొత్త బొమ్మ మీదకు పోతుంది, చెవి మాటను వదిలేస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పాదం ముగిసిన చోటల్లా వాక్యం ముగియదు. ఇది చూడండి. "బోరు వేస్తే నీళ్ళు పడెనని, ఊరు నవ్వే లోపె ఎండెను." మొదటి పాదం చివర అర్థం గాలిలో వేలాడుతోంది. అక్కడ సంగీతం షడ్జం మీదకు, అంటే ఆధార స్వరమైన 'స' మీదకు, వచ్చి కూర్చుంటే, నీళ్ళు పడ్డాయి, కథ సుఖాంతం అని చెవి అనుకుంటుంది. రెండో పాదంలోని విషాదం మనసుకు తగలదు. మొదటి పాదం చివర రాగాన్ని పంచమం (ప) మీదో రిషభం (రి) మీదో నిలబెట్టండి. "ఎండెను" అయ్యాక, ఒక బీటు ఊరుకుని, అప్పుడు షడ్జానికి రండి. మొత్తం స్క్రిప్టు ముందు పెట్టుకుని, ప్రతి పాదం చివర వాక్యం ముగిసిందా, సాగుతోందా అని పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ముగిసిన చోటే సంగీతం దిగాలి. ఈ గుర్తులు పెట్టకుండా కీబోర్డు ముందు కూర్చునేవారి పని నేను తీసుకోను.

ఇదే పాదాల్లో ఇంకో సంగతి కూడా గమనించండి. ఇక్కడ ప్రాస చివర లేదు, మొదట్లో ఉంది. "బోరు", "ఊరు" అని రెండో అక్షరం కలుస్తోంది. ప్రాస అంటే పాదం చివరిదే అనుకుని మొదటి బీటు మీద డ్రమ్ దంచేవారు ఈ పాదాలను పాడుచేస్తారు. మొదటి అక్షరం మీద మెత్తటి తట్టు చాలు. "రు" వచ్చేసరికి దాని మోత ఆరిపోవాలి. కొండ, బండి, ఎండ, గుండె అన్నట్టు పాదం మధ్యలో కూడా కలుస్తుంటే, మొత్తం పాదానికే డ్రమ్ తీసేయండి. ఆ అక్షరాలే తాళం వేసుకుంటాయి.

ఒకసారి ధర్మవరంలో చేనేత మీద పది నిమిషాల సినిమాకు మగ్గం చప్పుడునే తాళంగా వాడాం. నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడు, ఆ తర్వాత దెబ్బ. వినడానికి ఎంత బాగుందో. కానీ నేత అంచు దగ్గరికి, బుటా దగ్గరికి వచ్చేసరికి నేసే ఆయన చెయ్యి నెమ్మదిస్తుంది, లెక్క మారుతుంది. దాన్ని కంప్యూటర్‌లో సమానంగా సర్దుదామని దర్శకుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సమానమైతే అది పవర్‌లూమ్ చప్పుడు అవుతుంది. చివరికి మాటనే మగ్గం ఆగిన చోట్లలో కూర్చోబెట్టాం. ప్రాస పదం పడేటప్పుడు నాడె చేతిలో ఉంటుంది, పదం ముగిశాక వదులుతాడు. మూడు రాత్రులు పట్టింది. నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది అదే.

అయిదో మెట్టు: శ్రుతి, వాద్యాలు

చెప్పేవారి గొంతు ఏ స్వరం చుట్టూ తిరుగుతోందో ట్యూనర్ యాప్‌తో చూడండి. పాదం చివర గొంతు దిగే స్వరాన్నే షడ్జంగా పెట్టుకోండి. అప్పుడు మామూలు మాట కూడా శ్రుతిలో ఉన్నట్టు వినిపిస్తుంది. రాగం మాత్రం గొంతు ఉన్న స్థాయిలో వాయించకూడదు. మగ గొంతు అయితే వాద్యం పై స్థాయిలో, ఆడ గొంతు అయితే కింది స్థాయిలో ఉండాలి.

మాట నడుస్తుండగా వేణువు వద్దు, సన్నాయి అసలే వద్దు. సన్నాయి ఖాళీల్లో అద్భుతంగా ఉంటుంది. మాట కింద తంబుర, మరీ కావాలంటే వీణ మీద ఒక్కో మీటు. కరువు అనగానే శివరంజని ఎత్తుకోవద్దు, దుఃఖం మాటలోనే ఉంటే వాద్యం కూడా ఏడవనక్కర్లేదు. చివరి టైటిళ్ళకు మధ్యమావతి. కచేరీ ముగింపుకు వాడే రాగం కాబట్టి మన చెవికి అది సహజంగా సెలవు తీసుకున్నట్టు ఉంటుంది.

ఆరో మెట్టు: ఎత్తు తగ్గింపులు

గొంతు కింద సంగీతం కనీసం 18 డెసిబెల్స్ తక్కువలో ఉండాలి. హల్లులు ఎక్కువగా తేటపడేది 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య. సంగీతంలో ఆ భాగాన్ని ఈక్వలైజర్‌తో 3 డెసిబెల్స్ తగ్గించండి. గొంతులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసేయండి, అక్కడ మాట ఉండదు, గదిలోని గుమ్ము మాత్రమే ఉంటుంది.

ఆటోమేటిక్ డకింగ్, అంటే మాట రాగానే సాఫ్ట్‌వేరే సంగీతాన్ని తగ్గించే పద్ధతి, వాడవద్దు. మామూలు వ్యాఖ్యానానికి అది పనికొస్తుంది. ప్రాస వ్యాఖ్యానంలో ఖాళీలు సమాన దూరంలో వస్తాయి కాబట్టి, మాట ఆగినప్పుడల్లా సంగీతం పొంగి, మాట రాగానే కుంగుతుంది. రెండు నిమిషాలు వింటే ఊయలలో తల తిరిగినట్టు అవుతుంది. వాల్యూమ్ గీతను చేత్తోనే గీయండి, ఒక్కో జంటకూ విడిగా. యూట్యూబ్‌కు పెట్టేటప్పుడు మొత్తం మిక్స్ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గర, అత్యధిక శిఖరం -1 డెసిబెల్ దాటకుండా ఉంచండి. అంతకన్నా గట్టిగా పెడితే వాళ్ళే తగ్గిస్తారు.

హక్కుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. అన్నమయ్య పదాలు 15వ శతాబ్దానివి, మన కడప సీమవే, ఎవరైనా వాడుకోవచ్చని అందరూ అంటారు. పదాలు పాతవే, చాలా పదాలకు మనం వింటున్న బాణీలు మాత్రం 20వ శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎన్నో పదాలకు స్వరాలు కూర్చారు. ఆయన 1979లో కాలం చేశారు. మన చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు కర్త మరణించాక 60 ఏళ్ళు ఉంటుంది. పాడినవారి రికార్డింగ్ మీద హక్కు వేరే. అందుకని బాణీ మీరే కట్టుకోండి, లేదా అనుమతి తీసుకోండి.

చివరి పరీక్ష

మిక్స్ అయ్యాక స్టూడియో స్పీకర్లలో విని సంతోషపడవద్దు. చిన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. 200 హెర్ట్జ్ కింది మోత అందులో దాదాపు రాదు. మీ ఉరుముల వాద్యం మాయమైపోతుంది, ఖాళీలు నిజంగా ఖాళీ అయిపోతాయి. అందుకే ఖాళీలో పెద్ద దెబ్బతోపాటు చెక్కలో, గజ్జెలో ఒకటి తప్పకుండా కలపండి.

తర్వాత స్క్రిప్టు చదవని మనిషిని ఒకరిని పిలవండి. మా ఇంట్లో అయితే మా అమ్మ. వంటింట్లో పొయ్యి మీద ఏదో ఒకటి ఉండగానే వినిపిస్తాను, ఎందుకంటే జనం వినేది అలాగే. ఒక్కో జంట అయ్యాక ఆపి, "చివరి మాట ఏమన్నాడమ్మా?" అని అడుగుతాను. తడుముకోకుండా చెబితే ఆ జంట అయిపోయినట్టే. తడుముకుంటే ఆ పాదం దగ్గర కాగితం మీద చుక్క పెట్టి, మళ్ళీ నాలుగో మెట్టుకు వెళ్ళి, మూడో బీటు మోతను ఇంకాస్త ముందే ఆపుతాను. దెబ్బను ఇంకో ఫ్రేమ్ ఆలస్యం చేస్తాను. మరుసటి రోజు మళ్ళీ అమ్మకు వినిపిస్తాను.